ఎఫ్‌పీఎస్ పడితే కార్డుదే పాపమా?

మొన్నటిదాకా సెకనుకు 120 ఫ్రేములతో (ఎఫ్‌పీఎస్) సాఫీగా నడిచిన ఆట ఉన్నట్టుండి 50కి పడిపోయిందని చెబితే మన దగ్గర దొరికే సమాధానం దాదాపు ఒకటే: కార్డు పాతబడింది, కొత్తది వేయించు. స్నేహితులు అదే అంటారు, వీడియోల్లో అదే చెబుతారు, దుకాణంలో కేబినెట్ మూత విప్పకముందే అదే తీర్పు వస్తుంది. ఓ మాదిరి గ్రాఫిక్స్ కార్డంటే ఇవాళ ముప్పై వేల పైమాటే, 18 శాతం జీఎస్టీ కలుపుకుని. ఇంజనీరింగ్ చదివే కొడుకు అడిగాడని ఇంట్లో ఎక్కడో ఒకచోట కోత పెట్టుకుని తండ్రి తెచ్చే డబ్బు అది. అంత డబ్బు ఖర్చుపెట్టించే సలహాను ఒక్క అంకె కూడా చూడకుండా ఇచ్చేస్తున్నారు. ఆ సలహా తప్పు. దాని వెనకున్న నమ్మకం ఇంకా తప్పు.

ముందు వయసు సంగతి. గ్రాఫిక్స్ చిప్‌కు అలసట లేదు. 1,777 మెగాహెర్ట్జ్ బూస్ట్ క్లాక్‌తో అమ్మిన ఆర్‌టీఎక్స్ 3060, మూడేళ్ల తర్వాత కూడా ఆ క్లాక్‌లో తిరుగుతున్నంతసేపు సెకనుకు మొదటి రోజు చేసినన్ని లెక్కలే చేస్తుంది. ఏటా కొన్ని ఫ్రేములు అరిగిపోవడమనేది లేదు. 2016 జూలైలో వచ్చిన జీటీఎక్స్ 1060 స్టీమ్ హార్డ్‌వేర్ సర్వేలో ఏళ్ల తరబడి మొదటి స్థానంలో ఉండి, 2022 చివర్లో గానీ కిందికి దిగలేదు. కొత్త ఆటలకు అది చాలకపోవచ్చు, ఆ మాట వేరు. నిన్న హాయిగా ఆడించిన ఆటనే, అవే సెట్టింగులతో ఇవాళ ఆడించలేకపోతోందంటే వయసు కారణం కాదు. నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య ఏదో జరిగింది. ఆ జరిగినదేమిటో వెతకాలి.

చిప్‌లు అసలు దెబ్బతినవా అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. దెబ్బతింటాయి. 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని ఎక్కువ ఓల్టేజీ వల్ల పాడవుతున్నాయని 2024లో ఇంటెల్ స్వయంగా ఒప్పుకుంది. మైక్రోకోడ్ సవరణలు విడుదల చేసింది, వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. అయితే వాటిని కొన్నవాళ్లు ఏమని ఫిర్యాదు చేశారో గుర్తు చేసుకోండి. ఆట తెరవగానే మూసుకుపోతోందన్నారు, బ్లూ స్క్రీన్ వస్తోందన్నారు, వీడియో మెమరీ చాలినంత ఉన్నా చాలలేదని సందేశం వస్తోందన్నారు. చిప్ పాడైతే లెక్క తప్పుతుంది, లెక్క తప్పితే యంత్రం కూలుతుంది. 120 ఫ్రేములను 50 చేసి, రాత్రంతా ఒక్క క్రాష్ లేకుండా ఆడించదు. అంతసేపు తప్పులేకుండా నడుస్తూ నెమ్మదిగా నడుస్తోందంటే, దాన్ని ఏదో పట్టి ఉంచుతోంది. చాలాసార్లు అది తన్ను తాను కాపాడుకోవడానికే నెమ్మదిస్తోంది.

పాతబడేవి చిప్ చుట్టూ ఉన్నవి. చిప్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య ఉండే పేస్టు ఎండిపోతుంది. ఫ్యాన్ బేరింగ్ అరుగుతుంది. రెక్కల మధ్య దుమ్ము, దేవుడి గదికి దగ్గరగా ఉంటే అగరొత్తుల పొగ జిడ్డు, పక్కన ఇల్లు కడుతుంటే సిమెంటు పొడి చేరి గట్టిపడి గాలిదారి మూసుకుపోతుంది. దీనికి మన ఎండలు తోడు. రామగుండం, రెంటచింతల వైపు వేసవిలో 45 డిగ్రీలు కొత్త కాదు. ఫ్యాన్ వేగం, పని రెండూ మారకపోతే గది ఎన్ని డిగ్రీలు వేడెక్కితే కార్డూ దాదాపు అన్ని డిగ్రీలు వేడెక్కుతుంది. జనవరిలో గది 24 ఉన్నప్పుడు 70 దగ్గర నడిచిన కార్డు, మే నెలలో గది 38 అయ్యేసరికి 84కి చేరుతుంది. ఎన్విడియా కార్డులు చాలావాటిలో 83 డిగ్రీల దగ్గర క్లాక్ తగ్గించే ఏర్పాటు కంపెనీ నుంచే వస్తుంది. ఆర్‌టీఎక్స్ 3080, 3090ల్లో వాడిన జీడీడీఆర్6ఎక్స్ మెమరీకి వేరే హద్దు ఉంది. కోర్ 70 అని చూపిస్తున్నా మెమరీ 110కి చేరితే కార్డు వెనక్కి తగ్గుతుంది. కోర్ ఉష్ణోగ్రత ఒక్కటే చూసి వేడి లేదని తేల్చేసేవాళ్లకు ఇది కనపడదు.

దుమ్ము దులపడానికి బ్లోయర్, ఒక పేస్టు ట్యూబు చాలు. దానికి బదులు కొత్త కార్డు కొన్నారనుకోండి. అదే కేబినెట్‌లో, అదే వేడిగాలిలో, అదే మూసుకున్న జాలీ వెనక దాన్ని పెడతారు. వచ్చే వేసవికి దానిదీ అదే కథ.

ఇదంతా తప్పు కార్డులోనే ఉందనుకుని చెప్పింది. చాలాసార్లు అక్కడ ఉండదు. ప్రతి ఫ్రేమునూ ఇద్దరు కలిసి తయారు చేస్తారు. పాత్రలు ఎక్కడున్నాయి, ఎవరు కాల్చారు, ఏ వస్తువు ఎటు పడింది అనే లెక్క ప్రాసెసర్ తేల్చి, ఏం గీయాలో కార్డుకు చెబుతుంది. కార్డు గీస్తుంది. ఇద్దరిలో ఎవరు ఆలస్యమైతే ఫ్రేమ్ అంత ఆలస్యం. 60 ఎఫ్‌పీఎస్ అంటే ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు. ప్రాసెసర్ తన వంతుకే 25 తీసుకుంటే ప్రపంచంలోని అతి ఖరీదైన కార్డు తగిలించినా 40 దాటదు. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ 35 శాతమే ఉందని చూసి ప్రాసెసర్ ఖాళీగానే ఉందనడం మన కుర్రాళ్లు మోసపోయే చోటు. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్ల ప్రాసెసర్‌లో ఒక్క థ్రెడ్ పూర్తిగా నిండిపోయినా మొత్తం మీద కనిపించేది 8 శాతమే. ఆటలో బరువు మోసేది చాలాసార్లు ఆ ఒక్క థ్రెడ్డే. అందుకే చూడాల్సింది జీపీయూ, అంటే గ్రాఫిక్స్ చిప్, వాడకం. ఫ్రేములకు పరిమితి ఏదీ పెట్టకుండా ఆడుతున్నప్పుడు అది 95 పైన ఉంటే కార్డే హద్దు. 40, 50 దగ్గర ఉంటే కార్డు పని కోసం ఎదురుచూస్తూ కూర్చుంది.

విజయవాడలో మా మేనల్లుడి పీసీకి జరిగింది ఇదే. ఇల్లు మారినప్పుడు సామాను బండిలో కేబినెట్‌ను అడ్డంగా పడుకోబెట్టి తెచ్చారు. కొత్త ఇంట్లో జీటీఏ 5 తెరిస్తే మొదట బాగానే ఉండి, కొన్ని నిమిషాల్లో సగానికి పైగా పడిపోయేది. దుకాణంలో కార్డు వీకైందన్నారు, కొత్తదానికి కొటేషన్ కూడా రాసిచ్చారు. నేను వెళ్లి ఆట నడుస్తుండగా, వేడి, క్లాక్ చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రాం తెరిపించాను. కార్డు వాడకం 40 దగ్గర ఆడుతోంది, వేడి కూడా మామూలే. ప్రాసెసర్ మాత్రం 100 డిగ్రీలకు అతుక్కుపోయింది. 4 గిగాహెర్ట్జ్‌లో తిరగాల్సింది 1.2కి దిగజారింది, థర్మల్ థ్రాట్లింగ్ ఎదురుగా ఎర్రగా 'ఎస్' అని ఉంది. ఆపి, పక్క మూత తీసి కూలర్‌ను వేలితో తాకితే ఊగింది. ప్రాసెసర్ పెట్టెలో వచ్చే కూలర్‌కు నాలుగు ప్లాస్టిక్ పిన్నులుంటాయి. వాటిలో కింద ఎడమవైపుది మదర్‌బోర్డు రంధ్రంలోంచి బయటికి వచ్చేసింది. ఆ మూల కూలర్ కాస్త లేచి ఉంది. విప్పి చూస్తే ప్రాసెసర్ మీద పేస్టు ఒకవైపు నొక్కుకుని పలచగా ఉంది, రెండోవైపు సుద్దలా ఎండిపోయి ఉంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, శనగగింజంత పేస్టు పెట్టి, ఎదురెదురు మూలల పిన్నులు ఒకదాని తర్వాత ఒకటి 'టక్' మనేదాకా నొక్కాం. ప్రాసెసర్ 70 దాటలేదు, ఫ్రేములు వెనక్కి వచ్చాయి. పాత కార్డే ఇప్పటికీ నడుస్తోంది. కొటేషన్‌లోని కార్డు కొని ఉంటే అది 40 శాతం కూడా పని లేక ఊరికే కూర్చునేది. లో ఓల్టేజీ వల్ల మోటారు తిరగకపోతే కొత్త బోరు వేయించమన్నట్టుంది ఆ సలహా.

మన ఇళ్లలో తరచూ కనిపించే మరో సంగతి చెప్పాలి, ఎందుకంటే దీన్ని పట్టించుకునేవాళ్లు దాదాపు లేరు. 3200 వేగం అని రాసి ఉన్న డీడీఆర్4 ర్యామ్ చాలాసార్లు తనంతట తాను ఆ వేగంతో నడవదు. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ఆన్ చేస్తేనే నడుస్తుంది, లేదంటే 2133 లాంటి వేగానికి పడిపోతుంది. ఆ సెట్టింగును గుర్తుంచుకునేది మదర్‌బోర్డు మీదున్న నాణెం బ్యాటరీ. మనవాళ్లు రాత్రి పడుకునే ముందు స్విచ్‌బోర్డు దగ్గరే పవర్ కట్టేస్తారు. బ్యాటరీ అయిపోయిన పీసీలో అలా కట్టేసిన ప్రతిసారీ బయోస్ మొదటికి వస్తుంది. పొద్దున ఆన్ చేస్తే తేదీ ఎప్పటిదో పాత ఏడాది చూపిస్తుంది. దాన్ని సరిచేసి ఊరుకుంటారు, ర్యామ్ వేగం పోయిందని ఎవరికీ తట్టదు. వంద రూపాయల లోపు బ్యాటరీ అది. బయోస్ అప్‌డేట్ చేసినా ఆ సెట్టింగు ఇలాగే పోవచ్చు. శుభ్రం చేసేటప్పుడు రెండు ర్యామ్‌లలో ఒకటి సరిగా కూర్చోకపోయినా పీసీ ఆన్ అవుతుంది, ఆట ఆడుతుంది. కాకపోతే 3200 దగ్గర సెకనుకు 51.2 జీబీ ఇవ్వాల్సిన మెమరీ 25.6 మాత్రమే ఇస్తుంది. మానిటర్ కేబుల్‌ను కార్డుకు బదులు మదర్‌బోర్డు పోర్టులో పెట్టడం ఇంకా సులువైన పొరపాటు. అప్పుడు ఆట ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్స్ మీదకు వెళ్లిపోవచ్చు, పక్కనే ఉన్న ముప్పై వేల కార్డు ఖాళీగా ఉండిపోవచ్చు.

హార్డ్‌వేర్ జోలికే పోనక్కర్లేని పతనాలూ ఉన్నాయి. 2021 ఏప్రిల్‌లో విండోస్ 10కి వచ్చిన కేబీ5001330 అప్‌డేట్ తర్వాత ఆటల వేగం తగ్గిందని మైక్రోసాఫ్ట్ ఒప్పుకుని ఆ మార్పును వెనక్కి తీసుకుంది. అదే ఏడాది అక్టోబర్‌లో విండోస్ 11 వచ్చినప్పుడు రైజెన్ ప్రాసెసర్లలో ఎల్3 క్యాష్ ఆలస్యం దాదాపు మూడింతలైంది. ఈ-స్పోర్ట్స్ ఆటలు కొన్నింటిలో 10 నుంచి 15 శాతం వేగం పోవచ్చని ఏఎండీయే చెప్పింది, ఆ నెలాఖరుకల్లా సవరణ వచ్చింది. 2025 అక్టోబర్‌లో విండోస్ 11 అప్‌డేట్ కేబీ5066835 తర్వాత కొన్ని ఆటల్లో పనితీరు తగ్గడంతో ఎన్విడియా నవంబర్‌లో 581.94 అనే హాట్‌ఫిక్స్ డ్రైవర్ విడుదల చేయాల్సి వచ్చింది. ఆ నెలల్లో మన ఊళ్లలో ఎంతమంది కార్డు పోయిందనుకుని ఉంటారో ఆలోచిస్తే బాధేస్తుంది. అప్‌డేట్ హిస్టరీ పేజీ తెరిచి, ఆట చెడిన రోజునూ అప్‌డేట్ పడిన రోజునూ పక్కపక్కన పెట్టి చూడటానికి రెండు నిమిషాలు పడుతుంది. హఠాత్తుగా వచ్చిన సమస్యకు ఎప్పుడు మొదలైందన్నదే అన్నిటికన్నా పెద్ద ఆధారం. దుకాణాల్లో ఆ ప్రశ్న అడగరు.

ఒక్కోసారి మారింది ఆటే. 2023 సెప్టెంబర్ 27న సీఎస్:గో స్థానంలోకి కౌంటర్-స్ట్రైక్ 2 వచ్చింది. లైబ్రరీలో అదే చోటు, లోపల సోర్స్ 2 అనే కొత్త ఇంజిన్. రాత్రికి రాత్రి ఫ్రేములు పడిపోయినవాళ్ల పీసీల్లో స్క్రూ కూడా కదల్లేదు. 2022 డిసెంబర్‌లో ఫోర్ట్‌నైట్ అన్‌రియల్ ఇంజిన్ 5.1కి మారి నానైట్, లూమెన్ అనే బరువైన గ్రాఫిక్స్ హంగులు తెచ్చుకుంది. అవి ఆపితే చాలాచోట్ల వేగం తిరిగొస్తుంది. డ్రైవర్ మార్చిన వెంటనే ఆట మొదటి గంట కుదుపులతో నడవడం కూడా ఇలాంటిదే, షేడర్లు మళ్లీ కంపైల్ అవుతుంటాయి. అలాంటప్పుడు సగటు 90 చూపిస్తూనే మధ్యలో ఒక్కో ఫ్రేమ్ 200 మిల్లీసెకన్లు ఆగిపోతుంది. సగటు ఒక్కటే చూస్తే ఇది దొరకదని స్కాట్ వాసన్ అనే హార్డ్‌వేర్ సమీక్షకుడు 2011లోనే టెక్ రిపోర్ట్ వెబ్‌సైట్‌లో ఫ్రేమ్ టైములు కొలిచి చూపించాడు. వేగం మొత్తంగా తగ్గడానికీ, ఆగి ఆగి నడవడానికీ కారణాలు వేరు. రెంటికీ ఒకే మందు రాయడం ఇంకో తప్పు.

పడిన అంకె కూడా మాట్లాడుతుంది. ఎప్పుడూ కచ్చితంగా 60 దగ్గరే ఆగుతోందంటే మానిటర్ రిఫ్రెష్ రేటు 60కి మారిపోయి వీసింక్ ఆన్‌లో ఉండి ఉండాలి. ల్యాప్‌టాప్‌లో కచ్చితంగా 30 అయితే ఛార్జర్ ఊడి ఎన్విడియా బ్యాటరీ బూస్ట్ పనిచేస్తోందేమో చూడాలి. బలం తగ్గిన యంత్రం గుండ్రటి అంకె దగ్గర నిలబడదు. ఎవరో సెట్టింగులో గీత గీస్తేనే అలా నిలబడుతుంది.

కార్డు కొనలేమన్నవాళ్లకు ఇచ్చే రెండో సలహా ఫార్మాట్ కొట్టించుకోమని. అదీ కొలవకుండా ఇచ్చేదే. ఫార్మాట్ కొడితే ఆధారాలన్నీ చెరిగిపోతాయి. ఎండిన పేస్టు ఎండినట్టే ఉంటుంది, ఊగే కూలర్ ఊగుతూనే ఉంటుంది, ఇబ్బంది పెట్టిన అప్‌డేట్ మొదటి రోజే మళ్లీ దిగుతుంది. ఒక్కచోట మాత్రం అది నిజంగా పనిచేస్తుంది, దాని గురించి మనం నోరు విప్పాలి. క్రాక్ చేసిన ఆటలను పెన్‌డ్రైవుల్లో పంచుకునే అలవాటు మన హాస్టళ్లలో ఇంకా ఉంది. అలాంటి ఆటల్లో దాగి వచ్చిన క్రాకొనోష్ అనే మాల్‌వేర్‌ను 2021లో అవాస్ట్ బయటపెట్టింది. అది 2 లక్షలకు పైగా కంప్యూటర్లలో చేరి, యాంటీవైరస్‌ను ఆపేసి, యజమానికి తెలియకుండా మొనేరో అనే క్రిప్టో నాణేలు తవ్వింది. ఆట మూసేశాక కూడా ప్రాసెసర్ వాడకం దిగకపోతే, ఫ్యాన్ మోత తగ్గకపోతే మొదట అనుమానించాల్సింది ఇది. ఇక్కడ ఫార్మాట్ సరే. అప్పుడు కూడా కార్డు తప్పేం లేదు.

కొలవడం అందరికీ చేతకాదు, దుకాణంలో అంత తీరిక ఉండదు అంటారు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో, జీపీయూ-జెడ్, ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ ఉచితం. ఆట పది నిమిషాలు నడిపిస్తే చాలు. జీపీయూ-జెడ్ సెన్సార్ల పేజీలో పర్ఫ్‌క్యాప్ రీజన్ అనే వరుస, క్లాక్ ఇంకా పైకి ఎందుకు వెళ్లడం లేదో సూటిగా చెబుతుంది. 'థర్మ్' అని ఉంటే వేడి. 'పవర్' అని ఉంటే కంగారు పడొద్దు, పూర్తి బరువు మోస్తున్న కార్డులో అది మామూలే. బస్ ఇంటర్‌ఫేస్ దగ్గర ఎక్స్16 ఉండాల్సింది ఎక్స్4 లేదా ఎక్స్1 అని ఉంటే కార్డు స్లాట్‌లో సరిగా కూర్చోలేదు, తీసి మళ్లీ పెట్టాలి. ఇది ఆట నడుస్తుండగా చూడాలి, ఖాళీగా ఉన్నప్పుడు కార్డు తానే లింకు వేగం తగ్గించుకుంటుంది. ఇంటర్మీడియట్ కుర్రాడు ఒక్కసారి చూస్తే నేర్చుకునే పని ఇది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో రోజూ కేబినెట్లు విప్పే మెకానిక్‌కు ఎంతసేపు?

కార్డు మార్చాల్సిన రోజు రాదని నేను అనడం లేదు. జీపీయూ వాడకం 99 దగ్గర ఉంది, క్లాక్ పూర్తిగా ఎక్కుతోంది, వేడి హద్దులోనే ఉంది, అయినా కొత్తగా కొన్న ఆట తక్కువ సెట్టింగుల్లో కూడా ఆడటం లేదు అంటే కార్డు చాలడం లేదు, సందేహం లేదు. 2023 మార్చిలో పీసీకి వచ్చిన ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1 లాంటి ఆట 8 జీబీ కార్డులను ఎంత ఇబ్బంది పెట్టిందో చాలామంది చూశారు. సెకనుకు 448 జీబీ ఇచ్చే ఆర్‌టీఎక్స్ 3070 సొంత మెమరీ నిండిపోతే, మిగతా సరుకు, పాత బోర్డుల్లో అయితే, సెకనుకు 16 జీబీ లోపు ఇచ్చే మూడో తరం పీసీఐఈ దారిలో రావాలి. అక్కడ కూడా ముందు టెక్స్చర్ సెట్టింగ్ ఒక మెట్టు దించి చూడాలి. అప్పటికీ కుదరకపోతే కొనండి, మంచిదే కొనండి. ఆ నిర్ణయం అంకెలు చూశాక రావాలి.

తల్లిదండ్రులకు, కుర్రాళ్లకు నాదొక్కటే విన్నపం. కార్డు మార్చాలని దుకాణంలో చెబితే, ఆట నడుస్తుండగా నాలుగు అంకెలు చూపించమనండి: జీపీయూ వాడకం, జీపీయూ క్లాక్, ప్రాసెసర్ ఉష్ణోగ్రత, ర్యామ్ వేగం. సమస్య ఏ రోజు మొదలైందో, ఆ వారంలో ఏం మారిందో మీరే ముందు కాగితం మీద రాసి తీసుకెళ్లండి. వారంటీ ఉందేమో బిల్లు తీసి చూసుకోండి, చాలా కార్డులకు మూడేళ్లు ఉంటుంది. ఆ నాలుగు అంకెలు చూపించనివాళ్లకు డబ్బు కట్టకండి, పీసీ తీసుకుని ఇంటికి వచ్చేయండి.